మొక్కను పరిస్థితులతో కలిపి చూడటం: కిరణజన్య సంయోగక్రియ పరిశోధన చరిత్ర

0. లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తర్వాత మీరు:
• కిరణజన్య సంయోగక్రియ, శ్వాసక్రియ వేర్వేరు చర్యలని శాస్త్రవేత్తలు ఎలా గుర్తించారో వివరించగలుగుతారు.
• ఒకే ప్రయోగం ఇద్దరి చేతుల్లో రెండు ఫలితాలు ఎందుకు ఇచ్చిందో కారణాలు చెప్పగలుగుతారు.
• అవధి కారకాల సూత్రాన్ని ఉదాహరణలతో వివరించగలుగుతారు.
• మారుతున్న గాలి, వేడి పంటలపై చూపే ప్రభావాన్ని ఈ చరిత్ర వెలుగులో చర్చించగలుగుతారు.

1. పరిచయం

"రాత్రిపూట చెట్టు కింద పడుకోకూడదు" అని ఇళ్లలో పెద్దలు చెప్పడం మీరు వినే ఉంటారు. కారణం అడిగితే కొందరు దయ్యాల కథ చెబుతారు. చదువుకున్నవారు మాత్రం "రాత్రి చెట్టు బొగ్గుపులుసు వాయువు వదులుతుంది" అంటారు. రెండో జవాబులో ఒక నిజం ఉంది. కాని అందులో ఒక ముఖ్యమైన ప్రశ్న మిగిలిపోయింది: ఎంత వదులుతుంది? ఒక మనిషి రోజుకు సుమారు 1 కిలో కార్బన్ డై ఆక్సైడ్ వదులుతాడు. గదిలో ఉన్న కుండీ మొక్క రాత్రంతా వదిలేది దానిముందు చాలా స్వల్పం. ఆరుబయట చెట్టు వదిలిన వాయువు గాలిలో కలిసి చెదిరిపోతుంది. కాబట్టి పక్కన నిద్రపోయే మనిషికి భయపడనివారు మొక్కకు భయపడనక్కరలేదు.

ఈ చిన్న ఉదాహరణలోనే ఈ భాగం సారాంశం ఉంది. "మొక్క గాలిని శుభ్రపరుస్తుందా, పాడుచేస్తుందా?" అనే ప్రశ్నకు ఒకే మాటలో జవాబు లేదు. వెలుతురు ఉందా, ఎంత వేడి ఉంది, గాలిలో ఏముంది, నీరు అందుతోందా అన్న వాటిపై జవాబు ఆధారపడుతుంది. అంతవరకు ఎవరూ రాసిపెట్టుకోని ఒక పరిస్థితిని ఎవరో ఒకరు లెక్కలోకి తీసుకున్న ప్రతిసారీ ఈ శాస్త్రం ఒక అడుగు ముందుకు వేసింది. ఆ అడుగులను వరుసగా చూద్దాం.

2. తూకం వేసిన విల్లో మొక్క

మొక్క శరీరం దేనితో తయారవుతుంది? నేలలోని సారంతోనే అని చాలాకాలం నమ్మారు. బ్రస్సెల్స్ ప్రాంతానికి చెందిన వైద్యుడు యాన్ బాప్టిస్టా వాన్ హెల్మోంట్ దీనిని తక్కెడతో పరీక్షించాడు. ఎండబెట్టిన 200 పౌండ్ల మట్టిని తొట్టిలో నింపి, 5 పౌండ్ల విల్లో మొక్కను నాటి, నీరు మాత్రమే పోశాడు. 5 సంవత్సరాల తర్వాత చెట్టు బరువు సుమారు 169 పౌండ్లు అయింది. మట్టిలో తగ్గింది దాదాపు 2 ఔన్సులే. ఆయన మరణానంతరం 1648లో అచ్చయిన గ్రంథంలో ఈ ప్రయోగం ఉంది.

మట్టి చెట్టుగా మారలేదని ఆయన సరిగ్గానే గ్రహించాడు. అయితే పోసింది నీరు మాత్రమే కాబట్టి చెట్టంతా నీటితోనే తయారైందని ముగించాడు. తొట్టి చుట్టూ ఉన్న గాలి ఆయన లెక్కలో లేదు. "గ్యాస్" అనే పదాన్ని సృష్టించినవాడు, బొగ్గు కాలినప్పుడు ఒక వాయువు పుడుతుందని రాసినవాడు ఆయనే. ఆ వాయువే చెట్టుకు ఆహారమని మాత్రం ఆయనకు తట్టలేదు. 1727లో ఇంగ్లండులో స్టీఫెన్ హేల్స్, మొక్కలు ఆకుల ద్వారా గాలి నుంచి కొంత పోషణ పొందుతూ ఉండవచ్చని సూచించాడు. దానికి రుజువు ఇంకా రావలసి ఉంది.

3. లీడ్స్ పట్టణంలో పుదీనా కొమ్మ

మూసిన గాజుపాత్రలో కొవ్వొత్తి కొద్దిసేపటికే ఆరిపోతుంది. ఆ గాలిలో ఎలుక కూడా బ్రతకదు. ప్రపంచంలో ఇన్ని మంటలు, ఇన్ని జీవులు గాలిని పాడుచేస్తుంటే అది మళ్లీ ఎలా బాగుపడుతోంది? లీడ్స్‌లో ఉంటున్న జోసెఫ్ ప్రీస్ట్‌లీని వేధించిన ప్రశ్న ఇది.

1771 ఆగస్టు 17న ఆయన కొవ్వొత్తి ఆరిపోయిన గాలిలో ఒక పుదీనా కొమ్మను ఉంచాడు. అదే నెల 27న అదే గాలిలో మరో కొవ్వొత్తి చక్కగా వెలిగింది. మొక్క గాలిని బాగుచేసింది! 1772లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి. మరుసటి సంవత్సరం రాయల్ సొసైటీ ఆయనకు కోప్లీ పతకం ఇచ్చింది.

చిక్కు ఆ తర్వాతే వచ్చింది. స్వీడన్‌లో కార్ల్ షీలే మొలకెత్తుతున్న గింజలతో ఇలాంటి ప్రయోగమే చేస్తే గాలి పాడైంది. ప్రీస్ట్‌లీ స్వయంగా కొన్నేళ్ల తర్వాత మళ్లీ ప్రయత్నించినప్పుడు ఒకసారి గాలి బాగుపడింది, మరోసారి చెడిపోయింది. ఇక్కడ ఒక్కక్షణం ఆగి ఆలోచించండి. ఇద్దరూ నిజాయితీగల ప్రయోగకర్తలే. ఇద్దరి పరిశీలనలూ నిజమే. తేడా ఎక్కడుంది? పాత్ర వెలుతురులో ఉందా లేదా, అందులో ఉన్నది ఆకుపచ్చ ఆకులా లేక మొలకెత్తే గింజలా అన్న విషయాలకు అప్పట్లో ఎవరూ ప్రాధాన్యం ఇవ్వలేదు. ప్రయోగ ఫలితాన్ని రాశారు కాని పరిస్థితిని పూర్తిగా రాయలేదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
అ) వాన్ హెల్మోంట్ తన లెక్కలో వదిలేసిన అంశం ఏది?
ఆ) షీలే ఫలితం ప్రీస్ట్‌లీ ఫలితానికి భిన్నంగా ఎందుకు వచ్చింది?

4. వెలుతురును లెక్కలోకి తెచ్చిన వైద్యుడు

ఈ చిక్కుముడిని విప్పినవాడు డచ్చి వైద్యుడు యాన్ ఇంగెన్‌హౌస్. ఆస్ట్రియా రాజకుటుంబానికి మశూచి నివారణ టీకాలు వేసి పేరు పొందినవాడు. 1779 వేసవిలో లండన్ దగ్గర ఒక పల్లె ఇంటిని అద్దెకు తీసుకుని 500కు పైగా ప్రయోగాలు చేశాడు. ఆకులను నీటిలో ముంచి ఎండలో పెడితే వాటిపై బుడగలు లేచాయి, నీడలోకి తెస్తే ఆగిపోయాయి. ఆ బుడగల్లోని వాయువులో మంట మరింత ప్రకాశంగా వెలిగింది. బుడగలకు కారణం ఎండలోని వేడి కాదనీ, వెలుతురేననీ ఆయన వేరుచేసి చూపాడు.

అదే ఏడాది ప్రచురించిన గ్రంథంలో ఆయన తేల్చిన విషయాలు మూడు. మొదటిది, గాలిని బాగుచేసే శక్తి మొక్కలోని ఆకుపచ్చ భాగాలకే ఉంది. రెండవది, అందుకు వెలుతురు తప్పనిసరి. మూడవది, చీకటిలో మొక్క కూడా జంతువులాగే గాలిని పాడుచేస్తుంది. వేర్లు, పూలు, కాయలు ఎండలో ఉన్నా గాలిని పాడుచేస్తాయి.

ఆ పుస్తకం చదివినవారిలో కొందరికి మూడవ మాటే గుర్తుండిపోయింది. రాత్రి కలిగే చెడు, పగలు జరిగే మేలు ముందు చాలా తక్కువని ఇంగెన్‌హౌస్ స్పష్టంగానే రాశాడు. పరిచయంలో మనం చూసిన "రాత్రి చెట్టు" భయానికి శాస్త్రం పేరు పెట్టేవారు వదిలేసే వాక్యం సరిగ్గా ఇదే.

5. గాలి, నీరు, ఊపిరి: లెక్క తేలిన విధం

జెనీవా నగరంలో ఇద్దరు ఈ పనిని కొనసాగించారు. నీటిలో కార్బన్ డై ఆక్సైడ్ కరిగి ఉంటేనే ఆకులు ఆక్సిజన్ వదులుతాయని 1782లో జాఁ సెనెబియే చూపాడు. 1804లో నికోలా థియొడోర్ ద సొస్యూర్ తూకాలతో మరో అడుగు వేశాడు. మొక్క పెరిగిన బరువు అది తీసుకున్న కార్బన్ కంటే ఎక్కువగా ఉంది. కాబట్టి నీరు కూడా మొక్క శరీరంలో భాగమవుతోందని ఆయన నిర్ధారించాడు. సుమారు 150 ఏళ్ల తర్వాత వాన్ హెల్మోంట్ నీటికి సరైన వాటా దక్కింది.

శ్వాసక్రియ విషయంలో మాత్రం వివాదం కొనసాగింది. వ్యవసాయ రసాయనశాస్త్రంలో పెద్ద పేరున్న జర్మన్ శాస్త్రవేత్త లీబిగ్, 1840లో మొక్కల శ్వాసక్రియను అంగీకరించలేదు. రాత్రి బయటికి వచ్చే కార్బన్ డై ఆక్సైడ్, వేర్లు నీటితోపాటు పీల్చి పైకి పంపినదేనని ఆయన వాదన. పేరున్నవారి మాట కాబట్టి ఆ వాదనకు బలం వచ్చింది. 1860ల్లో యూలియస్ ఫాన్ సాక్స్ రెండు చర్యలనూ స్పష్టంగా వేరుచేశాడు. పత్రహరితం ఉన్న కణాలు వెలుతురులో ఆహారం తయారుచేస్తాయి. జీవకణాలన్నీ రాత్రింబవళ్లు శ్వాసిస్తాయి. పగలు మొదటిది రెండవదాన్ని కప్పివేస్తుంది కాబట్టి శ్వాసక్రియ మనకు కనిపించదు. ఆకులో కొంతభాగాన్ని కప్పి ఎండలో ఉంచి, అయోడిన్‌తో పిండిపదార్థాన్ని పరీక్షించే ప్రయోగం మీరు పాఠశాలలో చేసే ఉంటారు. అది సాక్స్ పరిశోధనల నుంచి వచ్చినదే.

ఈ రెండు చర్యల మధ్య తేడాయే మొక్క పెరుగుదల. సంపాదించినది ఖర్చు కంటే ఎక్కువైతే మొక్క పెరుగుతుంది, సమానమైతే నిలిచిపోతుంది, తక్కువైతే నిల్వలు కరిగి క్షీణిస్తుంది.

6. ఏది కొరతగా ఉంటే దానిదే పెత్తనం

19వ శతాబ్దం చివరినాటికి ప్రశ్న మారింది. కిరణజన్య సంయోగక్రియకు ఏ ఉష్ణోగ్రత మంచిది, ఎంత వెలుతురు మంచిది అని అందరూ వెతికారు. ఒక్కొక్కరికి ఒక్కో జవాబు వచ్చింది.

కేంబ్రిడ్జిలో ఫ్రెడరిక్ బ్లాక్‌మన్, ఆయనతో పనిచేసిన గాబ్రియెల్ మాథాయ్ కారణం కనిపెట్టారు. చెర్రీ లారెల్ ఆకులను వేర్వేరు ఉష్ణోగ్రతల్లో, వేర్వేరు వెలుతురుల్లో ఉంచి మాథాయ్ ఓపికగా కొలతలు తీసింది. మసక వెలుతురులో ఉష్ణోగ్రత పెంచినా చర్య వేగం పెరగలేదు. బలమైన వెలుతురులో అదే ఉష్ణోగ్రత పెంచితే వేగం పెరిగింది. ఈ ఫలితాల ఆధారంగా 1905లో బ్లాక్‌మన్ అవధి కారకాల సూత్రాన్ని ప్రతిపాదించాడు. అనేక కారకాలపై ఆధారపడే చర్య వేగాన్ని, వాటిలో అత్యంత కొరతగా ఉన్న కారకం నిర్ణయిస్తుంది. మిగిలినవాటిని ఎంత పెంచినా ప్రయోజనం ఉండదు.

వంటింటి ఉదాహరణ చూడండి. పది మందికి సరిపడా బియ్యం, పప్పు ఉన్నాయి. గ్యాస్ మాత్రం రెండు పూటలకే ఉంది. మరో బస్తా బియ్యం తెస్తే వంట పెరగదు. సిలిండర్ తెస్తే పెరుగుతుంది, అప్పుడు బియ్యమో పప్పో కొరతవుతుంది. నీరందని చేనుకు యూరియా చల్లితే ఫలితం లేకపోవడం కూడా ఇలాంటిదే. నిజమైన ఆకులో ఈ హద్దులు ఇంత పదునుగా ఉండవనీ, ఒక దశలో రెండు కారకాలు కలిసి ప్రభావం చూపుతాయనీ తర్వాతి పరిశోధనల్లో తేలింది. అయినా "ఏది మంచిది?" అనే ప్రశ్నను "ఇప్పుడు ఏది కొరత?" అని మార్చినందుకు ఈ సూత్రానికి ప్రాముఖ్యం ఉంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
అ) మసక వెలుతురులో ఉన్న ఆకుకు వేడి పెంచితే కిరణజన్య సంయోగక్రియ ఎందుకు పెరగలేదు?
ఆ) పగటిపూట మొక్క శ్వాసక్రియ మనకు ఎందుకు కనిపించదు?

7. కలకత్తాలో హైడ్రిల్లా

గరాటు కింద హైడ్రిల్లా కొమ్మలు ఉంచి, పరీక్షనాళికలో బుడగలు లెక్కపెట్టే ప్రయోగం ఇంటర్మీడియట్‌లో మీకు పరిచయమే. ఆ మొక్కనే జగదీశ్ చంద్ర బోస్ తన పరిశోధనకు ఎంచుకున్నాడు. బుడగలను తనంతట తానే నమోదు చేసే పరికరాన్ని రూపొందించి, వెలుతురు, ఉష్ణోగ్రత, కార్బన్ డై ఆక్సైడ్ మారినప్పుడు చర్య ఎలా మారుతుందో గుర్తించాడు. ఈ పరిశోధనలను 1924లో కిరణజన్య సంయోగక్రియపై ప్రత్యేక గ్రంథంగా వెలువరించాడు.

బోస్ గమనించిన ఒక వింత అప్పటి శాస్త్రానికి అంతుపట్టలేదు. వేసవిలో తెచ్చిన హైడ్రిల్లా, చలికాలంలో తెచ్చిన హైడ్రిల్లా ఒకే విధంగా ప్రవర్తించలేదు. వేసవి మొక్కలు కార్బన్ డై ఆక్సైడ్‌ను మరింత సమర్థంగా వాడుకున్నాయి. మాలిక్ ఆమ్లపు లవణమైన మాలేట్ నుంచి కూడా దానిని పొందగలిగాయి. దీని అర్థం తెలియడానికి మరో నలభై ఏళ్లకు పైగా పట్టింది. 9వ విభాగంలో మళ్లీ ఈ విషయానికి వద్దాం.

8. రోజు పొడవు, పూత

పెరుగుదల అంటే బరువు మాత్రమే కాదు. ఎప్పుడు ఆకులు వేయాలి, ఎప్పుడు పూత పట్టాలి అన్నదీ అందులో భాగమే. అమెరికా వ్యవసాయ శాఖలో గార్నర్, అలార్డ్ అనే ఇద్దరికి ఒక పొగాకు రకం సమస్యగా మారింది. 'మేరీలాండ్ మామత్' అనే ఆ రకం వేసవిలో పొలంలో విపరీతంగా ఎత్తు పెరిగేది కాని పూసేది కాదు. చలికాలంలో గాజు ఇంట్లో మాత్రం పూసేది. ఉష్ణోగ్రత, తేమ, పోషకాలు అన్నీ పరీక్షించారు. చివరకు వేసవిలో మొక్కలను ప్రతిరోజూ కొన్ని గంటలు ముందుగానే చీకటి గదిలోకి చేర్చి, పగటి పొడవును తగ్గించి చూశారు. పొగాకు పూసింది. 1920లో ప్రచురితమైన ఈ పరిశోధన కాంతికాలావధి అనే భావనకు పునాది. 1938లో హామ్నర్, బానర్ మరులమాతంగి జాతి మొక్కపై చేసిన ప్రయోగాల్లో, నిజానికి మొక్క కొలిచేది ఎడతెగని రాత్రి పొడవునని తేలింది. రాత్రి మధ్యలో కాసేపు వెలుతురు పడితే పూత ఆగిపోయింది.

మన పాత దీర్ఘకాలిక వరి రకాలు చాలావరకు ఇలాంటివే. జూన్‌లో నారు పోసినా జూలైలో పోసినా, పొద్దు తగ్గాకే ఈనేవి. హరిత విప్లవంతో వచ్చిన పొట్టి రకాల్లో ఈ పట్టింపు చాలావరకు లేదు. నీరుంటే యాసంగిలోనూ వరి వేయగలగడానికి అది ఒక ముఖ్య కారణం.

9. చెరకు నేర్పిన పాఠం

1940లో కేమెన్, రూబెన్ కార్బన్-14ను కనుగొన్నారు. దాన్ని జాడగా వాడి కాలిఫోర్నియాలో కాల్విన్, బెన్సన్, బాషమ్ బృందం కార్బన్ ఆకులో ఏ దారిలో ప్రయాణిస్తుందో గుర్తించింది. మొదట ఏర్పడేది మూడు కార్బన్ల పదార్థం. కాల్విన్‌కు 1961లో నోబెల్ బహుమతి వచ్చింది. అన్ని మొక్కల్లో ఇదే దారి అనిపించింది.

కాని చెరకు అలా చేయలేదు. హవాయిలో కోర్చాక్ బృందం చెరకు ఆకుల్లో మొదట నాలుగు కార్బన్ల ఆమ్లాలు కనిపించడం గమనించింది. ఆస్ట్రేలియాలో హాచ్, స్లాక్ 1966 నుంచి ఆ దారిని వివరించారు. దీని అవసరం ఏమిటి? కార్బన్ డై ఆక్సైడ్‌ను పట్టే రూబిస్కో అనే ఎంజైము ఆక్సిజన్‌ను కూడా పట్టుకుంటుంది. అప్పుడు తయారైన కార్బన్‌లో కొంత తిరిగి పోతుంది. దీన్నే కాంతి శ్వాసక్రియ అంటారు. వేడి పెరిగేకొద్దీ ఈ నష్టం పెరుగుతుంది. చెరకు, మొక్కజొన్న, జొన్న, సజ్జ, రాగి, గరిక వంటి సి4 మొక్కలు కార్బన్ డై ఆక్సైడ్‌ను రూబిస్కో చుట్టూ పోగుచేసి ఈ నష్టాన్ని దాదాపు నివారిస్తాయి. వరి, వేరుశనగ, పత్తి, కంది సి3 మొక్కలు. వాటికి ఈ ఏర్పాటు లేదు. ఎండలో, తక్కువ నీటితో జొన్న నిలబడటానికి కారణాల్లో ఇది ఒకటి.

ఇక్కడ మన ప్రాంతపు కృషినీ గుర్తుంచుకోవాలి. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో వి. ఎస్. రామదాస్ నాయకత్వంలో సి4 మొక్కలపై విస్తృతంగా పరిశోధన జరిగింది. మొల్లుగో న్యూడికాలిస్ అనే చిన్న కలుపుమొక్కలో, కాండంపై ఆకు ఉన్న స్థానాన్ని బట్టి సి3, సి4 విధానాలు రెండూ ఒకే మొక్కలో కనిపిస్తాయని ఎ. ఎస్. రాఘవేంద్ర, రాజేంద్రుడు, రామదాస్ 1978లో 'నేచర్' పత్రికలో ప్రకటించారు. తర్వాత హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన రాఘవేంద్ర, గోవింద్‌జీతో కలిసి బోస్ పాత ఫలితాలను మళ్లీ పరిశీలించారు. వెచ్చని, కార్బన్ డై ఆక్సైడ్ తక్కువగా ఉన్న నీటిలో హైడ్రిల్లా ఒకే కణంలో సి4 విధానానికి మారుతుందని అప్పటికి తెలిసింది. బోస్ చూసిన వేసవి మొక్కల వింతకు వివరణ అక్కడ దొరికింది.

10. మారుతున్న గాలిలో

1958లో చార్లెస్ కీలింగ్ హవాయిలోని మౌనా లోవా పర్వతంపై గాలిలోని కార్బన్ డై ఆక్సైడ్‌ను క్రమంగా కొలవడం మొదలుపెట్టాడు. ఉత్తరార్ధగోళంలో మొక్కలు ఏపుగా పెరిగే నెలల్లో అది తగ్గుతుంది. ఆకులు రాలి శ్వాసక్రియ పైచేయి అయ్యే నెలల్లో పెరుగుతుంది. ఇంగెన్‌హౌస్ గాజుపాత్రలో చూసిన పగలు-రాత్రి తేడా ఇక్కడ భూమి స్థాయిలో, ఏడాది లయలో కనిపిస్తుంది. ఈ ఎగుడుదిగుళ్ల కింద ఒక ఎడతెగని పెరుగుదల ఉంది. అప్పట్లో పది లక్షల భాగాలకు సుమారు 315 భాగాలుగా ఉన్నది ఇప్పుడు 420 దాటింది.

"కార్బన్ డై ఆక్సైడ్ మొక్కకు ఆహారమే కదా, పెరిగితే మంచిదేగా?" అని ఎవరైనా మిమ్మల్ని అడగవచ్చు. ఈ చరిత్ర చదివిన మీరు వెంటనే మరో ప్రశ్న వేయాలి: మిగిలిన పరిస్థితులు ఎలా ఉన్నాయి? సి3 పంటల్లో కిరణజన్య సంయోగక్రియ కొంత పెరిగే మాట నిజమే. కాని నత్రజని, నీరు కొరతగా ఉంటే ఆ లాభం చేతికి రాదు. గింజల్లో మాంసకృత్తులు, జింకు తగ్గినట్లు ప్రయోగాల్లో తేలింది. పైగా వేడి కూడా పెరుగుతోంది. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ పొలాల్లో 1992 నుంచి 2003 వరకు దిగుబడులను పరిశీలించారు. పొడి సీజనులో రాత్రి కనిష్ఠ ఉష్ణోగ్రత 1 డిగ్రీ సెల్సియస్ పెరిగినప్పుడు వరి దిగుబడి సుమారు 10 శాతం తగ్గినట్లు 2004లో ప్రకటించారు. వెచ్చని రాత్రుల్లో శ్వాసక్రియ పెరిగి, పగటి సంపాదన ఎక్కువగా ఖర్చవడం దీనికి సూచించిన కారణాల్లో ఒకటి.

అంటే రాత్రి చెట్టు ఊపిరి గురించి మనం భయపడవలసిన చోటు వేరే ఉంది. అది చెట్టు కింద వేసిన మంచం కాదు, వెచ్చని రాత్రిలో ఉన్న వరిచేను.

11. సారాంశం

వాన్ హెల్మోంట్ గాలిని, ప్రీస్ట్‌లీ, షీలే వెలుతురును లెక్కించలేదు. ఇంగెన్‌హౌస్ వెలుతురును, సెనెబియే, సొస్యూర్ కార్బన్ డై ఆక్సైడ్‌ను, నీటిని చేర్చారు. సాక్స్ శ్వాసక్రియను కిరణజన్య సంయోగక్రియ నుంచి వేరుచేశాడు. కారకాలు విడివిడిగా కాక కలిసి పనిచేస్తాయని మాథాయ్, బ్లాక్‌మన్ చూపారు. గార్నర్, అలార్డ్ రోజు పొడవును, బోస్ రుతువును, సి4 పరిశోధకులు మొక్క రకాన్ని లెక్కలోకి తెచ్చారు. మొక్క గురించి చేసే ఏ ప్రకటనలోనైనా "ఏ పరిస్థితుల్లో?" అన్నది తప్పక ఉండాలి. మీరు ప్రయోగ నివేదిక రాసేటప్పుడు కూడా సమయం, వెలుతురు, ఉష్ణోగ్రత నమోదు చేయండి. ప్రీస్ట్‌లీ కాలంలో జరిగిన గందరగోళం మీ రికార్డు పుస్తకంలో జరగకుండా ఉంటుంది.

12. ప్రగతి పరీక్ష సమాధానాలు

1. అ) గాలి. ఆ) మొలకెత్తే గింజలు ఆకుపచ్చ ఆకుల్లా ఆక్సిజన్ వదలవు, శ్వాసక్రియ మాత్రమే జరుపుతాయి.
2. అ) అక్కడ వెలుతురు అవధి కారకం. ఆ) శ్వాసక్రియలో వెలువడిన కార్బన్ డై ఆక్సైడ్ కిరణజన్య సంయోగక్రియలో వినియోగమవుతుంది.

13. మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. క్రింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. కిరణజన్య సంయోగక్రియ పరిశోధనలో ప్రీస్ట్‌లీ నుంచి సాక్స్ వరకు జరిగిన పరిణామాన్ని వివరించండి.
2. పెరుగుతున్న కార్బన్ డై ఆక్సైడ్ పంటలకు మేలే చేస్తుందన్న వాదాన్ని అవధి కారకాల సూత్రం ఆధారంగా చర్చించండి.

II. క్రింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. మేరీలాండ్ మామత్ పొగాకుపై జరిగిన ప్రయోగాన్ని వివరించండి.
2. సి3, సి4 మొక్కల మధ్య తేడాలను మీ ప్రాంతపు పంటల ఉదాహరణలతో తెలపండి.
3. హైడ్రిల్లాపై బోస్ పరిశీలనల ప్రాముఖ్యం ఏమిటి?